ఇంగ్లండ్ దిగువ లీగులలో డిఫెండరు వృత్తి జీవితం

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ వ్యవస్థలో అగ్రస్థానాన ఉన్న ప్రీమియర్ లీగులో 20 క్లబ్బులు, దాని దిగువన చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అనే మూడు డివిజన్లలో 24 చొప్పున మొత్తం 72 క్లబ్బులు ఆడుతున్నాయి. ఈ 72 క్లబ్బుల సమాఖ్య 1888లో పన్నెండు క్లబ్బులతో మొదలైన పాత ఫుట్‌బాల్ లీగుకు కొనసాగింపే. 1992లో మొదటి డివిజను క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగుగా ఏర్పడిన తరువాత మిగిలిన డివిజన్ల పేర్లు మారుతూ వచ్చి, 2004లో ఇప్పటి రూపానికి చేరాయి. 'దిగువ లీగులు' అన్నప్పుడు ముఖ్యంగా మూడో, నాలుగో అంతస్తులే స్ఫురిస్తాయి. సీజను ముగిసేసరికి పట్టికలో పైన నిలిచిన జట్లు పై డివిజనుకు ఎక్కుతాయి, అడుగున మిగిలినవి కింది డివిజనుకు జారుతాయి. 1987 నుంచి నాలుగో డివిజను అట్టడుగు జట్టు లీగు నుంచే వైదొలగవలసి వస్తోంది.

ఈ వ్యవస్థలో డిఫెండరు, అంటే ప్రత్యర్థి గోలు కొట్టకుండా అడ్డుకోవడమే ప్రధాన విధిగా గల ఆటగాడు, తన పనికి కొలమానం లేనివాడు. గోలు కొట్టిన ఆటగాడి పేరు లెక్కలలో నిలుస్తుంది. పడకుండా ఆగిపోయిన గోలు ఏ పట్టికలోనూ కనిపించదు. జాతీయ జట్టు పిలుపులు, పెద్ద కప్పులు, కోట్ల పౌండ్ల బదిలీలు లేని చోట డిఫెండరు చరిత్రకు మిగిలేది ఆడిన మ్యాచ్‌ల సంఖ్య ఒక్కటే. అందువల్ల దిగువ లీగుల డిఫెండర్లను గురించిన ఏ పరిశీలన అయినా చివరకు ఈ సంఖ్యల దగ్గరకే వస్తుంది; ఆ సంఖ్యలను ఒక్క మనిషి పట్టుదలకు చిహ్నాలుగా మాత్రమే చదవడం పొరపాటు. ఒప్పందాల చట్టం, సీజనులోని మ్యాచ్‌ల సంఖ్య, క్లబ్బుల ఆర్థిక స్థితి, శరీరపు ఓర్పు, ఇవన్నీ కలిస్తేనే ఏడు వందలకు పైబడిన మ్యాచ్‌ల లెక్క ఏర్పడుతుంది.

రక్షణ పంక్తిలోని స్థానాల పేర్లు ఆట చరిత్రతో ముడిపడినవి. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి జట్లు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లతో ఆడేవి. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారి, బంతి అందుకునే దాడి ఆటగాడికీ గోలుకూ మధ్య ఉండవలసిన ప్రత్యర్థుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గడంతో గోల్స్ వరద మొదలైంది. దానిని అరికట్టడానికి మధ్యలోని హాఫ్‌బ్యాక్ వెనక్కి జరిగి ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ నిలిచాడు. నడిమి డిఫెండరును సెంటర్ హాఫ్ అని పిలిచే అలవాటు ఇంగ్లండ్‌లో చాలాకాలం సాగడానికి కారణం ఇదే. 1939లో లీగు మ్యాచ్‌లలో చొక్కాలకు అంకెలు తప్పనిసరి అయినప్పుడు కుడి ఫుల్‌బ్యాక్‌కు 2, ఎడమ ఫుల్‌బ్యాక్‌కు 3 దక్కాయి. ఎడమ అంచున ఆడేందుకు ఎడమకాలి వాటం సహజంగా ఉన్నవారు అన్ని తరాలలోనూ తక్కువే కాబట్టి, ఆ స్థానంలో ఒకసారి కుదురుకున్న ఆటగాడిని కదిలించడం కష్టం. ఒకే క్లబ్బుకు అత్యధిక లీగు మ్యాచ్‌లు ఆడిన రికార్డును వరుసగా చేజిక్కించుకున్న ఇద్దరు ఆటగాళ్లు, స్విండన్ టౌన్‌కు చెందిన జాన్ ట్రొల్లోప్, మిల్టన్ కీన్స్ డాన్స్‌కు చెందిన డీన్ లూవింగ్టన్, ఇద్దరూ ఎడమ బ్యాక్‌లే కావడం కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ట్రొల్లోప్ 1943లో విల్ట్‌షైర్‌లోని రాటన్ అనే ఊరిలో జన్మించాడు. ఆ ఊరికి ఆనుకుని ఉన్న స్విండన్, గ్రేట్ వెస్టర్న్ రైల్వే కర్మాగారాల చుట్టూ పెరిగిన పట్టణం. అక్కడి క్లబ్బు మేనేజరు బెర్ట్ హెడ్, డబ్బు పెట్టి ఆటగాళ్లను కొనే స్తోమతు లేక, చుట్టుపక్కల కుర్రాళ్లను చేరదీసి జట్టును నిర్మించే పద్ధతిని అవలంబించాడు. మైక్ సమర్‌బీ, ఎర్నీ హంట్, డాన్ రోజర్స్ ఆ విధంగానే వెలుగులోకి వచ్చారు. 1960 ఆగస్టులో పదిహేడేళ్ల వయసున ట్రొల్లోప్ తొలి లీగు మ్యాచ్ ఆడాడు. 1961 ఏప్రిల్ నుంచి 1968 ఆగస్టు దాకా వరుసగా 368 లీగు మ్యాచ్‌లలో అతడు తప్పిపోలేదు. చెయ్యి విరగడంతోనే ఆ వరుస ఆగింది. ఇంగ్లండ్ లీగులో గాయపడిన ఆటగాడి బదులు మరొకరిని దింపే వెసులుబాటు 1965–66 సీజనులో మాత్రమే వచ్చిందని గుర్తుంచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. అంతకుముందు మడమ మెలిపడినా కుంటుతూ ఆట ముగించడమో, పదిమందితో జట్టును వదిలి బయటికి పోవడమో తప్ప మూడో మార్గం ఉండేది కాదు.

స్విండన్ 1963లో తొలిసారి రెండో డివిజనుకు ఎక్కి, 1965లో మళ్లీ మూడో డివిజనుకు జారింది. ఆ జట్టు చరిత్రలోనే పెద్ద ఘట్టం 1969 మార్చి 15న వచ్చింది. లీగ్ కప్ అనేది అన్ని డివిజన్ల క్లబ్బులూ పాల్గొనే పోటీ, 1960–61లో ప్రారంభమైంది. దాని ఫైనల్‌లో మూడో డివిజను స్విండన్, మొదటి డివిజను ఆర్సెనల్‌ను లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఎదుర్కొంది. వానలకు తోడు కొద్ది రోజుల ముందు అక్కడ జరిగిన గుర్రాల ప్రదర్శన వల్ల మైదానం బురదమయమైంది. ఆర్సెనల్ రక్షణలో జరిగిన తడబాటును అందిపుచ్చుకుని రోజర్ స్మార్ట్ తొలి గోలు కొట్టగా, ఆట చివరి నిమిషాలలో బాబీ గోల్డ్ సమం చేశాడు; అదనపు సమయంలో డాన్ రోజర్స్ రెండు గోల్స్ వేసి స్విండన్‌ను 3–1తో గెలిపించాడు. చెయ్యి విరిగి అంతకు కొన్ని నెలల ముందే జట్టుకు దూరమైన ట్రొల్లోప్ ఆ రోజు తన స్థానంలోనే ఉన్నాడు. ఆ మ్యాచ్ కథనాలన్నీ రోజర్స్ పరుగుల చుట్టూ, గోల్‌కీపర్ పీటర్ డౌన్స్‌బరో ఆపిన బంతుల చుట్టూ తిరుగుతాయి. 120 నిమిషాలపాటు ఆర్సెనల్‌ను ఒక్క గోలుకు కట్టడి చేసిన నలుగురు డిఫెండర్ల పేర్లు స్విండన్ దాటితే గుర్తున్నవారు తక్కువ. లీగ్ కప్ విజేతకు ఐరోపా పోటీలో చోటు దక్కాలి, కానీ మూడో డివిజను జట్టన్న కారణంతో స్విండన్‌కు అది దక్కలేదు. దానికి బదులుగా ఇటలీ క్లబ్బులతో పోటీలు ఏర్పాటు కాగా, 1970లో నేపుల్స్‌లో జరిగిన ఫైనల్‌లో స్విండన్ 3–0తో ముందంజలో ఉండగా ప్రేక్షకుల అల్లరివల్ల ఆటను మధ్యలోనే నిలిపివేశారు, కప్పు మాత్రం స్విండన్‌కే ఇచ్చారు.

1969లోనే పై డివిజనుకు ఎక్కిన జట్టు 1974లో మళ్లీ దిగింది, ట్రొల్లోప్ మాత్రం కదలలేదు. పోర్ట్స్‌మత్ తరఫున 1946 నుంచి 1965 దాకా 764 లీగు మ్యాచ్‌లు ఆడిన జిమ్మీ డికిన్సన్ రికార్డును 1980లో అధిగమించి, 770 దగ్గర ఆగాడు. ఆ ఇద్దరి మధ్య తేడా గమనించదగినది: డికిన్సన్ మొదటి డివిజను విజేత జట్టులో ఆడాడు, ఇంగ్లండ్‌కు 48 మ్యాచ్‌లు ఆడాడు, ట్రొల్లోప్ మొదటి డివిజనులో ఒక్క లీగు మ్యాచ్ అయినా ఆడలేదు. కింది డివిజన్ల ఆటగాడు ఈ రికార్డును అందుకోవడానికి ఒక లెక్క కారణం కూడా ఉంది. 1958లో నాలుగో డివిజను ఏర్పడినప్పటి నుంచి మూడు, నాలుగు డివిజన్లలో జట్టుకు సీజనుకు 46 మ్యాచ్‌లు. ఆ కాలంలో పై రెండు డివిజన్లలో 42, నేటి ప్రీమియర్ లీగులో 38. అడుగున ఆడేవాడికి జీతం తక్కువ, పని ఎక్కువ. దీర్ఘాయువు రికార్డులు ఎక్కువగా కిందనే పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఒకే క్లబ్బుకు అంటిపెట్టుకోవడాన్ని విధేయతగా కీర్తించే ముందు ఆనాటి చట్టాన్ని కూడా చూడాలి. ట్రొల్లోప్ ఆట మొదలుపెట్టిన సీజనులో ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికీ వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వరాదన్న నియమం ఉండేది. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో 1961 జనవరిలో అది రద్దయింది. అంతకన్నా బిగువైన కట్టు 'నిలుపుదల–బదిలీ' పద్ధతి: ఒప్పందం గడువు తీరినా ఆటగాడి నమోదు క్లబ్బు చేతిలోనే ఉండేది, క్లబ్బు వదిలితే తప్ప అతడు లీగులో మరోచోట ఆడలేడు. న్యూకాజిల్ యునైటెడ్‌పై జార్జ్ ఈస్ట్‌హమ్ వేసిన దావాలో 1963లో హైకోర్టు ఈ పద్ధతిని జీవనోపాధికి అన్యాయమైన ఆటంకంగా తప్పుపట్టింది. 1978లో ఆటగాళ్లకు ఒప్పంద స్వేచ్ఛ కొంత లభించింది. 1995లో ఐరోపా న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పు, గడువు తీరిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా వెళ్లిపోయే హక్కును స్థిరపరచింది. ట్రొల్లోప్ నిలకడలో ఇష్టం ఎంతో, వ్యవస్థ బిగింపు ఎంతో నేడు వేరుచేయలేం.

ఒప్పంద స్వేచ్ఛ తరువాతి కాలానికి తగిన నమూనా ఒకే క్లబ్బు కాదు, ఊరూరూ తిరిగే జీవితం. 1975లో పదహారేళ్లకు గ్రిమ్స్‌బీ టౌన్‌లో మొదలుపెట్టిన టోనీ ఫోర్డ్, స్టోక్ సిటీ, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్, స్కన్‌థార్ప్, మాన్స్‌ఫీల్డ్ మొదలైన క్లబ్బుల మీదుగా సాగి 2001లో రాచ్‌డేల్‌లో ముగించేసరికి 931 లీగు మ్యాచ్‌లు పూర్తిచేశాడు. గోల్‌కీపర్లను మినహాయిస్తే ఇంగ్లండ్ లీగులో ఇదే అత్యధికం. అంచున పరుగెత్తే దాడి ఆటగాడిగా మొదలై, వేగం తగ్గేకొద్దీ వెనక్కి జరిగి కుడి బ్యాక్‌గా మిగిలిన వృత్తి ఇది. గ్రహమ్ అలెగ్జాండర్‌ది మరో దారి. కోవెంట్రీలో పుట్టిన ఈ కుడి బ్యాక్ స్కన్‌థార్ప్, లూటన్, ప్రెస్టన్ క్లబ్బులకు ఆడుతూ 2000లో ప్రెస్టన్‌తో మూడో అంతస్తు విజేతగా నిలిచాడు. 2007లో బర్న్లీకి మారి, 2009లో ఆ జట్టు ప్రీమియర్ లీగుకు ఎక్కడంతో 37 ఏళ్ల వయసున తొలిసారి ఆ లీగులో అడుగుపెట్టాడు. అప్పటికి అతడు స్కాట్లండ్ ఆటగాడు కూడా, 2002 నుంచి 2009 దాకా 40 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. పెనాల్టీ కిక్కులలో అతని గురి పేరుమోసింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ కాని ఆటగాళ్లలో వెయ్యి వృత్తి మ్యాచ్‌లు దాటిన రెండోవాడు అతడు, మొదటివాడు ఫోర్డ్.

లూవింగ్టన్ ఈ రెండు నమూనాలకూ పొందికగా ఒదగడు. అతడు 1984లో కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్‌లో పుట్టాడు; తండ్రి రే లూవింగ్టన్ చెల్సీ, ఫుల్‌హమ్ క్లబ్బుల ఆటగాడు, తరువాత శిక్షకుడు. డీన్ వింబుల్డన్ క్లబ్బు యువజట్టులో తయారై 2003లో తొలి మ్యాచ్ ఆడాడు. అప్పటికి ఆ క్లబ్బు ఒక తుపానులో ఉంది: 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్‌కు, అంటే 1967లో ప్రభుత్వం కొత్త పట్టణంగా ప్రకటించిన చోటికి, తరలిపోవడానికి 2002 మే నెలలో అనుమతి రాగా, ఆగ్రహించిన అభిమానులు ఆ వేసవిలోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరిట సొంత క్లబ్బును స్థాపించి అట్టడుగు లీగుల నుంచి మొదలుపెట్టారు. ఖాళీ గ్యాలరీల ముందు ఆడిన పాత క్లబ్బు 2003లో దివాలా అంచున పాలనాధికారుల చేతికి పోయింది, జీతాలు ఎక్కువైన ఆటగాళ్లను అమ్మేశారు. మిగిలిన ఖాళీలలోనే పందొమ్మిదేళ్ల లూవింగ్టన్‌కు స్థిరమైన చోటు దొరికింది. 2003 సెప్టెంబరులో క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు చేరింది, ఆ సీజను చివర అట్టడుగున నిలిచి కిందికి జారింది, 2004లో మిల్టన్ కీన్స్ డాన్స్‌గా పేరు మార్చుకుంది.

ఆ తరువాతి ఇరవై ఏళ్లలో లూవింగ్టన్ చూసినంత ఎగుడుదిగుడు పెద్ద క్లబ్బుల ఆటగాళ్లకు ఊహకందదు. 2006లో నాలుగో అంతస్తుకు పతనం. 2008లో పాల్ ఇన్స్ శిక్షణలో లీగ్ టూ విజయం, దానితోపాటు దిగువ డివిజన్ల కోసమే ఉద్దేశించిన ఫుట్‌బాల్ లీగ్ ట్రోఫీ. 2015లో చాంపియన్‌షిప్‌కు ఎక్కి, ఒక్క సీజనుకే వెనక్కి. 2018లో మళ్లీ నాలుగో అంతస్తు, 2019లో తిరిగి మూడోది, 2023లో మరలా నాలుగోది. వింబుల్డన్ పేరుతో జారినదాన్ని కలుపుకుంటే ఐదుసార్లు దిగి, మూడుసార్లు ఎక్కాడు. 2014 ఆగస్టు 26న లీగ్ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 4–0తో ఓడించిన జట్టుకు కెప్టెన్ అతడే. విల్ గ్రిగ్, బెనిక్ అఫోబె చెరి రెండు గోల్స్ కొట్టిన ఆ రాత్రి ఆ క్లబ్బు చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైనది. వయసు మీదపడి అంచు వెంట పైకీ కిందికీ పరుగెత్తడం కష్టమైనప్పుడు, ముగ్గురు డిఫెండర్ల పంక్తిలో ఎడమవైపు నిలిచి, వెనుకనుంచి బంతిని పంపిణీ చేసే పాత్రకు మారాడు. మేనేజరు వెళ్లిపోయిన సందర్భాలలో ఆటగాడిగా కొనసాగుతూనే జట్టును తాత్కాలికంగా నడిపించాడు. అతని కాలంలో ఆ క్లబ్బును నడిపిన మేనేజర్లలో 2023లో కొద్ది నెలలు పనిచేసిన గ్రహమ్ అలెగ్జాండర్ ఒకడు.

2023 డిసెంబరులో లూవింగ్టన్ ట్రొల్లోప్ 770ని దాటాడు, 2025లో ఆట విరమించేసరికి అన్ని పోటీలలో కలిపి 900కు పైగా మ్యాచ్‌లు అతని ఖాతాలో ఉన్నాయి. బోస్మన్ తీర్పు తరువాతి తరంవాడు కాబట్టి ప్రతి ఒప్పందం చివరా అతనికి తలుపు తెరిచే ఉంది. ఆ విధంగా చూస్తే అతని నిలకడ ట్రొల్లోప్ నిలకడకన్నా స్వచ్ఛమైనదని వాదించవచ్చు. అయితే ఆ నిలకడ దేనిపట్ల అన్నది చిక్కు ప్రశ్న. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అత్యంత నిరసనకు గురైన క్లబ్బులలో మిల్టన్ కీన్స్ డాన్స్ ఒకటి. 2007లో అది పాత వింబుల్డన్ కప్పులను మెర్టన్ నగరపాలక సంస్థకు అప్పగించి, తన చరిత్ర 2004లో మొదలైందని ఒప్పుకుంది. స్థానికతకు ద్రోహంగా అందరూ చెప్పే క్లబ్బులోనే స్థిరత్వానికి అత్యున్నతమైన రికార్డు నెలకొనడం ఈ ఆట చరిత్రలోని వింతలలో ఒకటి.

దిగువ లీగులలో మొదలై పైకెక్కిన డిఫెండర్లూ ఉన్నారు, వారి సంఖ్య మాత్రం పరిమితం. హారీ మెగ్వైర్ షెఫీల్డ్ యునైటెడ్ తరఫున మూడు సీజన్లు మూడో అంతస్తులో ఆడి, 2019లో 8 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు మారాడు, అది డిఫెండరుకు అప్పటి ప్రపంచ రికార్డు. పదకొండేళ్ల వయసున న్యూకాజిల్ యునైటెడ్ వదిలేసిన డాన్ బర్న్, డార్లింగ్టన్‌లో మొదలుపెట్టి అనేక క్లబ్బుల చుట్టూ తిరిగి 2022లో న్యూకాజిల్‌కే చేరి, 2025 మార్చిలో లీగ్ కప్ ఫైనల్‌లో లివర్‌పూల్‌పై గోలు కొట్టి, ఆ వారంలోనే 32 ఏళ్లకు ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. ఇటువంటి ఉదాహరణలు పత్రికలకు ఇష్టమైనవి, కానీ సాధారణ మార్గం ఇది కాదు. పదహారేళ్లకు క్లబ్బు రెండేళ్ల శిక్షణ వేతనం మీద తీసుకున్న కుర్రాళ్లలో ఎక్కువమంది పద్దెనిమిదేళ్లకే వదిలివేయబడతారు. మిగిలినవారు ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం పొడిగించుకుంటూ, మధ్యలో కొన్ని నెలలు వేరే క్లబ్బుకు అరువు మీద వెళ్తూ రోజులు నెట్టుకొస్తారు. 2012 నుంచి యువ ఆటగాళ్లను తీసుకుపోయే పెద్ద క్లబ్బులు చెల్లించవలసిన పరిహారాన్ని నిర్ణీత పట్టిక ప్రకారం లెక్కకట్టడంతో, సొంత కుర్రాళ్లను తయారుచేసుకోవడం చిన్న క్లబ్బులకు గిట్టుబాటు కావడం తగ్గింది. 2016లో బ్రెంట్‌ఫర్డ్ తన యువ శిక్షణ విభాగాన్నే మూసివేసింది. బెర్ట్ హెడ్ పద్ధతికి ఇక కాలం కలిసిరాదు.

జీతానికి కూడా హామీ లేదు. 1999లో బైచుంగ్ భూటియాను చేర్చుకోవడం వల్ల భారతీయ పాఠకులకు పరిచితమైన బరీ క్లబ్బు, 2018–19లో ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేని స్థితిలోనే పై డివిజనుకు ఎక్కి, 2019 ఆగస్టులో లీగు నుంచి బహిష్కృతమైంది. ఇటువంటి పతనాలను ఆపాలని 2020లో లీగ్ వన్ క్లబ్బుల మొత్తం జీతాలకు ఏడాదికి 25 లక్షల పౌండ్లు, లీగ్ టూ క్లబ్బులకు 15 లక్షల పౌండ్ల పరిమితి విధించారు. ఆటగాళ్ల సంఘం సవాలు చేయగా 2021 ఫిబ్రవరిలో అది రద్దయింది.

ఆట ముగిసిన తరువాత శిక్షణ వైపు వెళ్లినవారిలో డిఫెండర్లు గణనీయంగా కనిపిస్తారు. ట్రొల్లోప్ స్విండన్ యువజట్టుకు శిక్షకుడై, 1981 నుంచి రెండేళ్లు మేనేజరుగా పనిచేశాడు. 1982లో ఆ క్లబ్బు తొలిసారి నాలుగో డివిజనుకు జారింది, మంచి ఆటగాడు మంచి మేనేజరు కావాలన్న నియమమేదీ లేదు. మూడో అంతస్తు చెస్టర్‌ఫీల్డ్ 1997లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ చేరినప్పుడు ఆ జట్టు సెంటర్ బ్యాక్ అయిన షాన్ డైచ్ తరువాత బర్న్లీని రెండుసార్లు ప్రీమియర్ లీగుకు చేర్చాడు. ప్రెస్టన్‌లో అలెగ్జాండర్‌కు మేనేజరైన డేవిడ్ మోయెస్ కూడా దిగువ లీగుల సెంటర్ బ్యాకే.

ఈ వృత్తికి శరీరం చెల్లించే మూల్యం ఇటీవలే లెక్కకు వచ్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలీ స్టూవర్ట్ నేతృత్వాన స్కాట్లండ్ మాజీ వృత్తి ఆటగాళ్లు 7,676 మందిపై జరిగిన అధ్యయనం, నాడీకణాలు క్షీణించే వ్యాధులతో మరణించే ప్రమాదం వారిలో సామాన్య జనాభాకన్నా మూడున్నర రెట్లు ఎక్కువని 2019లో వెల్లడించింది. 2021లో అదే బృందం ఆటస్థానాల వారీగా పరిశీలించగా, గోల్‌కీపర్లలో ఈ వ్యాధుల ప్రమాదం సామాన్యులతో దాదాపు సమానంగా ఉంది, డిఫెండర్లలో సుమారు ఐదు రెట్లు ఉంది; 15 ఏళ్లకు మించి ఆడినవారిలో కూడా అంతే తీవ్రత కనిపించింది. గాలిలో వచ్చే బంతిని తలతో కొట్టి పంపడం డిఫెండరు నిత్యకృత్యం కాబట్టి అనుమానం దానిమీదికే మళ్లింది. శిక్షణలో ఆటగాడు వారానికి పదికి మించి బలమైన హెడర్లు కొట్టరాదన్న మార్గదర్శకం ఇంగ్లండ్‌లో 2021–22 సీజను నుంచి అమలులోకి వచ్చింది. మ్యాచ్‌లో కొట్టే హెడర్లకు మాత్రం ఏ పరిమితీ లేదు.